ఉప్పుగాలిలో పాత కారు: పెట్రోల్ పోసే గొట్టం సంగతి

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం పొద్దున పాత కార్ల వాళ్లంతా కలిసినప్పుడు మాట్లాడిన మాటలకి రాతప్రతి)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్లకి వినబడుతోందా? ఆ కిటికీ పక్కన కూర్చున్న బాబూ, మీరు కాస్త ముందుకొచ్చేయండి, నేను చూపించబోయే వస్తువు చిన్నది, అక్కడ్నుంచి కనబడదు.

ఇదిగో, ఇదే. మూరెడు ఇనప గొట్టం. పైన ఈ వెడల్పు మూతి ఉంది చూశారా, బంకులో మూత తియ్యగానే మనకి కనబడేది ఇది. కింద ఈ చివర రబ్బరు హోస్‌తో ట్యాంకుకి తగులుకుంటుంది. పక్కన ఈ సన్న గొట్టం, పెట్రోల్ లోపలికి పోతుంటే ట్యాంకులో గాలి బయటకి రావాలి కదా, దానికి. బ్రీదర్ అంటాం. మొత్తాన్ని ఫిల్లర్ పైపు అంటారు మెకానిక్కులు, కొందరు ఫిల్లర్ నెక్ అంటారు. ఇది నా 2004 మోడల్ బండిది. కంపెనీ పేరు చెప్పను, ఇది ఒక కంపెనీ తప్పు కాదు, ఇనప గొట్టాన్ని వెనక చక్రం పక్కనుంచి తీసుకెళ్లిన ఏ పాత బండికైనా ఇలాగే అవుద్ది. ఇక్కడ, గొట్టాన్ని బాడీకి పట్టి ఉంచే ఈ బ్రాకెట్ అతికిన చోట వేలు పెట్టి చూడండి. లోపలికి పోతోంది కదా. పై నుంచి చూస్తే గొట్టం నిక్షేపంలా ఉంటుంది, మూతి దగ్గర పెయింట్ కూడా పోలేదు.

నేను 31 ఏళ్లు ఓడల రిపేర్లో పైపు ఫిట్టర్‌గా చేశానండి. ఉప్పునీళ్లు ఇనుముని ఎలా తింటాయో చేత్తో ముట్టుకుని తెలుసుకున్నవాణ్ణి. అయినా నా సొంత బండిలో ఈ గొట్టం ఒకటుందని, అది చక్రం పక్కనే వేలాడుతూ ఉందని చాలా ఏళ్లు పట్టించుకోలేదు. ఎలా తెలిసిందో చెప్తాను.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం, పలాస దగ్గర మా అత్తగారి ఊరు. బయల్దేరేటప్పుడే ఫుల్ ట్యాంక్ కొట్టించా. మధురవాడ దాటేసరికి మా ఆవిడ పెట్రోల్ వాసనొస్తోంది అంది. ఇప్పుడే కదా కొట్టించాం, చేతికి అంటుకుని ఉంటుందిలే అన్నాను. ఆనందపురం దగ్గర టీ తాగుదామని ఆపాం, పిల్లలు దిగారు, నేను దిగి చూస్తే వెనక చక్రం లోపలి వైపు తడి, కింద రోడ్డు మీద చేతి వెడల్పు మచ్చ. ముక్కు పెట్టక్కర్లేదు, నిలబడితేనే తెలుస్తోంది. అప్పుడు తలెత్తి చూశాను, టీ కొట్టు పొయ్యి మా బండికి పది అడుగుల దూరంలో భగభగా మండుతోంది. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువండి, పొగలాగ పైకి పోదు, నేల మీద పాకుతుంది. గాలిలో ఒకటిన్నర శాతం కలిస్తే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది పెట్రోల్, మన జనవరి మధ్యాహ్నం ఎంత. పిల్లల్ని రోడ్డు అవతలకి పంపించేసి, బండి స్టార్ట్ చెయ్యకుండా చేత్తో తోసుకుంటూ దూరంగా పెట్టాం, టీ కొట్టాయన కూడా వచ్చి చెయ్యేశాడు. ఆ రాత్రి ఊళ్లో నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒకటి బాగా గమనించండి, చాలామంది మోసపోయేది దీని దగ్గరే. మర్నాటికి లీకు ఆగిపోయింది. వాసన కూడా లేదు. ఎందుకు? ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడే గొట్టంలో పెట్రోల్ నిలబడుతుంది, కాస్త వాడేసరికి మట్టం దిగిపోతుంది, గొట్టం ఖాళీ, ఇంక కారడానికి ఏముంది. మనం ఏమనుకుంటాం, బంకు కుర్రాడు ఒలకబోసి ఉంటాడు, ఆరిపోయింది అనుకుంటాం. చిల్లు చిల్లులాగే ఉంటుంది. ఫుల్ కొట్టించినప్పుడు వాసనొచ్చి సగానికొచ్చాక పోతోందంటే అనుమానం నేరుగా ఈ గొట్టం మీదకి, దాని హోస్ మీదకి వెళ్లాలి. 300కీ 500కీ కొట్టించుకునేవాళ్లకి ఈ లీకు ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు కూడా, కానీ వాళ్లకి ఇంకో బాధ, వర్షంలో చక్రం కొట్టే బురదనీళ్లు అదే చిల్లులోంచి లోపలికి పోతాయి.

ఇప్పుడు ఎందుకు పుచ్చిపోతుందో చెప్పుకోవాలి, నాకు ఇది ముఖ్యం. వర్షానికి తుప్పు పట్టింది అంటారందరూ. వర్షం ఆరిపోతుందండి. ఆరనిది మట్టి. వెనక చక్రం దగ్గర ఈ గొట్టానికి అడ్డంగా ఒక ప్లాస్టిక్ గార్డ్ ఉంటుంది, రాళ్లు తగలకుండా పెట్టారు, మంచిదే, కానీ పై అంచులోంచి బురద దాని వెనక్కి పోతుంది, పోయింది బయటకి రాదు. గొట్టానికీ గార్డ్‌కీ మధ్య కూరుకుపోతుంది. నేను మొదటిసారి విప్పినప్పుడు రెండు దోసిళ్ల మట్టి వచ్చింది, ఏప్రిల్‌లో, వానలు పోయి ఎన్నో నెలలైంది, ఆ మట్టి లోపల ఇంకా చెమ్మగా ఉంది.

ఎందుకు చెమ్మ? ఇక్కడున్న ఆడవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, వంటింట్లో ఉప్పు జాడీ మూత సరిగా పెట్టకపోతే ఏమవుద్ది? చెమర్చి ముద్దకట్టేస్తుంది. నీళ్లెవరూ పొయ్యలేదు, గాలిలోంచి లాక్కుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు నీరుకారడం మొదలెడుతుంది, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది అంతకన్నా చాలా తక్కువ తేమకే చెమరుస్తుంది. మన విశాఖలో తెల్లారగట్ల 75 దాటని రోజులెన్ని? బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండి, రుషికొండ, భీమిలి వెళ్లొచ్చే బండి, సముద్రం వైపు పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్ల బండి, వీటన్నిటికీ గార్డ్ వెనక ఉన్నది మట్టి కాదు, ఉప్పుమట్టి. అంటే మీ గొట్టానికి 365 రోజులూ తడిగుడ్డ చుట్టి ఉంచినట్టే లెక్క. మంచు పడే దేశాల్లో రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, అక్కడా పాత బండ్లలో ఈ గొట్టాలు ఇలాగే పోతాయి. మనకి ఎవరూ చల్లక్కర్లేదు, గాలే తెచ్చిస్తుంది.

2014 అక్టోబర్ 12, ఆ తుఫాను రోజు గుర్తుందా? హుద్‌హుద్. ఆ గాలికి సముద్రం నీళ్లు తుంపర్లై ఎక్కడెక్కడ కొట్టాయో, తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయి లేదు, తాగడానికి నీళ్లు వెతుక్కుంటుంటే కారు ఎవరు కడుగుతారు. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న బండి ఎవరిదగ్గరైనా ఇంకా ఉంటే, ఇవాళ ఇంటికెళ్లి గార్డ్ విప్పండి. నిజంగా చెప్తున్నాను.

తుప్పు ముందు ఎక్కడ మొదలవుద్దంటే సాఫుగా ఉన్న చోట కాదు. బ్రాకెట్ అతికిన చోట, క్లిప్పు కింద, రబ్బరు హోస్ ఎక్కిన అంచు దగ్గర. రెండు ముక్కల మధ్య వెంట్రుకవాసి సందు ఉంటే అందులో ఉప్పునీళ్లు నిలబడిపోతాయి, గాలి ఆడదు, అక్కడ లోతుగా తినేస్తుంది. ఓడల్లో కూడా అంతే, బయటకి కనబడే ప్లేటు బాగుంటుంది, క్లాంపు విప్పితే కింద గొట్టం కాగితంలా ఉంటుంది.

సరే, నేను ఏం చేశానో. మొదట చేసింది తప్పు. ఊరినుంచి రాగానే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లా, ఆయన గార్డ్ కూడా పూర్తిగా విప్పకుండా చెయ్యి దూర్చి ఎపాక్సీ ముద్ద పూసి పంపించాడు. నేనూ ఒప్పుకున్నాను, తొందరలో ఉన్నాను. ఒక వానాకాలం ఆగింది. తుప్పు మీద పూసిన ముద్ద తుప్పుని పట్టుకుంటుంది తప్ప ఇనుముని పట్టుకోదు, కింద తుప్పు రేకులుగా లేచిపోతుంటే ముద్ద కూడా దాంతోపాటే లేస్తుంది. పైగా కనబడకుండా కప్పేసింది కాబట్టి ఈసారి చిల్లు పెద్దదయ్యాక గానీ తెలియలేదు. పెట్రోల్ గొట్టానికి ముద్ద వద్దండి. దారి మధ్యలో ఇరుక్కుపోయి ఇంటిదాకా రావడానికైతే వేరే సంగతి.

(ముందు వరుసలోంచి ఒకరు: వెల్డింగ్ చేయించొచ్చు కదా గురువుగారూ?)

వస్తున్నాను తమ్ముడూ, దాని గురించి గట్టిగా చెప్పాలనే ఇవాళ వచ్చాను. బండి మీద ఉండగా ఈ గొట్టానికి వెల్డింగ్ చెయ్యకూడదు. ట్యాంక్ ఖాళీ చేసేశాం కదా అంటారు, ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. నిండు ట్యాంకులో పెట్రోల్ ఉంటుంది, ఖాళీ ట్యాంకులో గాలీ ఆవిరీ కలిసి ఉంటాయి, పేలేది ఆ కలిసిందే. మేము ఓడ మీద ఆయిల్ ట్యాంక్ దగ్గర వెల్డింగ్ టార్చ్ వెలిగించాలంటే ముందు గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్ రావాలి, కెమిస్ట్ మీటర్ పట్టుకుని లోపల కొలిచి సంతకం పెట్టాలి, సంతకం లేకపోతే ఎంత పెద్ద ఆఫీసర్ చెప్పినా మేస్త్రి పని మొదలెట్టడు. అన్ని వేల టన్నుల ఓడకి అంత జాగ్రత్త పడే ఊళ్లో, మన పిల్లలు కూర్చునే కారు దగ్గరికొచ్చేసరికి తడిగుడ్డ అడ్డం పెట్టి వెల్డింగ్ కొట్టేస్తామంటే నాకు ఒళ్లు మండిపోద్ది. గొట్టం పూర్తిగా విప్పి, సబ్బు వేడినీళ్లతో చాలాసార్లు కడిగి, రోజులు ఆరబెట్టి, విడిగా బ్రేజింగ్, అంటే ఇత్తడి కరిగించి అతికే పని, చేసేవాళ్లు ఉన్నారు, చేతనైనవాళ్లు చేస్తే నిలబడుతుంది కూడా. కానీ ఒక చోట చిల్లు పడిందంటే పక్కన కూడా పల్చబడిపోయి ఉంటుంది, వేడి తగలగానే ఇంకో చోట తూటు పడుతుంది. నా మాట, మార్చెయ్యండి.

కొత్తది కంపెనీది దొరికితే అదే. పాత మోడల్‌కి దొరక్కపోతే గాజువాక ఆటోనగర్ వైపు, పాత బండ్లు విప్పే కొట్లలో వెతకండి, వీలైతే సముద్రానికి దూరంగా తిరిగిన బండిది చూసుకోండి. తెచ్చుకున్నాక బాగా కడిగి ఆరబెట్టి, ఒక చివరా, బ్రీదర్ చివరా బిగించి, బకెట్ నీళ్లలో ముంచి రెండో చివర నుంచి నోటితో గాలి ఊదండి. బుడగొచ్చిందా, వెనక్కిచ్చెయ్యండి. లోపలికి లైటు వేసి చూడండి, లోపల తుప్పు ఉంటే అది రాలి ట్యాంకులోకి పోయి పంపు జల్లెడకి పడుతుంది.

లోకల్‌గా పైపు వంచి చేయిస్తామంటారు కొందరు. చెయ్యొచ్చు, కానీ మూతి దగ్గర లోపల చిన్న రేకు తలుపు ఉంటుంది, బ్రీదర్ చివర ఒక లెక్క ప్రకారం ఉంటుంది, అవి లేకుండా ఉత్త గొట్టం చేసిస్తే బంకులో నరకం. నాజిల్ చివర ఒక సన్న బెజ్జం ఉంటుంది చూశారా, పెట్రోల్ పైకొచ్చి ఆ బెజ్జం మూసుకోగానే లోపల గాలి పీల్పు మారి టక్కున ఆగిపోతుంది. గాలి సరిగా బయటకి రాకపోతే నురగ ఎగదన్ని రెండు లీటర్లకోసారి టక్ టక్ మంటూ ఆగుతుంది. మీ బండికి ఇప్పటికే అలా జరుగుతుంటే బ్రీదర్ మట్టితో పూడుకుపోయిందేమో చూసుకోండి. ఇంకొకటి, టక్ మన్నాక రౌండ్ ఫిగర్ చెయ్యి అని ఇంకో వంద రూపాయలది కుక్కించకండి. అది గొట్టంలోనే నిలబడుతుంది, బ్రీదర్ దారిలో బొగ్గు డబ్బాలోకి, అదే క్యానిస్టర్, ఆవిరి పీల్చుకునే డబ్బాలోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

విప్పే పని చెప్తాను. ట్యాంకులో పావు కన్నా తక్కువ ఉన్నప్పుడు మొదలెట్టండి. ఆరుబయట. సెల్లార్ పార్కింగ్‌లో మాత్రం చెయ్యొద్దు, ఆవిరి బరువని చెప్పాను కదా, సెల్లార్‌లో నిండిపోతుంది, ఎక్కడో లిఫ్ట్ మోటార్ ఉంటుంది, ఇంకెక్కడో స్విచ్ ఉంటుంది. పక్కన పౌడర్ సిలిండర్ పెట్టుకోండి, మంట ఆర్పేది, పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే పెట్రోల్ నీళ్ల మీద తేలుతూ ఇంకా పాకుతుంది. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. వేలాడే బల్బు లైటు వద్దు, ఎల్ఈడీ టార్చ్ చాలు. మూత మెల్లగా తిప్పి లోపలి ఒత్తిడి వదిలెయ్యండి. ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు, వెనక జాకీ, జాకీని నమ్మి కిందకి దూరొద్దు, స్టాండు వెయ్యండి. చక్రం తీశాక గార్డ్ క్లిప్పులు తియ్యండి, పాత ప్లాస్టిక్ విరుగుతుంది, అరడజను కొత్తవి ముందే కొని పెట్టుకోండి.

మూతి చుట్టూ స్క్రూలు ఉంటాయి, తుప్పు పట్టి తలలు నలిగిపోతాయి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలెయ్యండి. అక్కడే ఒక చిన్న ఎర్త్ వైరు గానీ రేకు పట్టీ గానీ చాలా బండ్లలో ఉంటుంది, గొట్టాన్ని బాడీకి కలుపుతూ. ఇది ఎందుకురా బాబూ అని కత్తిరించి పారేసిన వాళ్లని చూశాను. పెట్రోల్ పారుతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది, అది బాడీలోకి దిగిపోవడానికి ఆ వైరు. తీసింది తీసినట్టే మళ్లీ బిగించాలి, కింద పెయింటు గీకి ఇనుముకి ఇనుము తగిలేలా.

హోస్ అంటుకుపోయి ఉంటుంది. లాగొద్దు, కత్తి పెట్టొద్దు, అటూ ఇటూ మెలితిప్పుతూ వదులుచెయ్యండి. హోస్ ఊడి రాగానే ట్యాంక్ మూతి మూసెయ్యండి. దారాలు ఊడే గుడ్డ కుక్కితే అది లోపలికి జారిపోతుంది, సరిపడే ప్లాస్టిక్ మూత పెట్టండి. హోస్ వంచి చూస్తే పగుళ్లు కనబడ్డాయా, మార్చెయ్యడమే.

ఈ హోస్ దగ్గర ఒక్క నిమిషం. బోరు మోటార్ ట్యూబు, రేడియేటర్ హోస్ సైజు సరిపోయింది కదా అని పెట్టేస్తారు. పెట్రోల్‌కి అవి ఉబ్బి మెత్తబడిపోతాయి. పెట్రోల్ హోస్ మీద ఎస్ఏఈ జే30 అని అచ్చు ఉంటుంది, ఆ రకం అడగండి, ఇథనాల్‌కి తట్టుకునేదా అని కూడా అడగండి. 2022 జూన్‌కే మన దేశంలో పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలపడం పూర్తయింది, 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపింది అమ్మడం మొదలైంది, ఇప్పుడు మనం కొట్టించుకునేది చాలావరకు అదే. 2004 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. ఇథనాల్ నీళ్లని కూడా తనలోకి లాక్కుంటుంది. ఇందాక చెప్పిన చిల్లులోంచి వాన నీళ్లు దిగాయనుకోండి, నీళ్లూ ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి, పంపు పీల్చేది అడుగునుంచే. బండి ఆగిపోతే బంకులో కల్తీ అని గొడవపడతాం, ఒక్కోసారి కల్తీ మన చక్రం దగ్గరే జరిగి ఉంటుంది.

హోస్ బిగించే క్లిప్పు స్టీలుది కొనండి. గొట్టం చివర చుట్టూ చిన్న ఉబ్బు ఉంటుంది, క్లిప్పు ఆ ఉబ్బు దాటి లోపలి వైపు కూర్చోవాలి, ఉబ్బు మీద బిగిస్తే రెండు గోతుల్లో పడేసరికి జారుతుంది. బలముంది కదా అని రబ్బరు తెగేదాకా బిగించొద్దు.

(వెనకనుంచి ఒకావిడ: కొత్త గొట్టం మళ్లీ ఇలాగే పుచ్చిపోకుండా ఏం పూయాలండీ?)

మంచి ప్రశ్న తల్లీ. బిగించక ముందే చెయ్యాలి అది. కొత్తదైనా నల్ల పెయింట్ పల్చగా ఉంటుంది. పాతదైతే వైర్ బ్రష్‌తో మెరిసే ఇనుము వచ్చేదాకా రుద్దండి, సందుల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పొరగా మార్చే మందు, అది ఆరాక జింక్ ఎక్కువున్న ప్రైమర్. ఓడలకి మేము వాడేదీ జింకే, జింక్ తను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది, కాకపోతే అది ఇనుముకి నేరుగా తగలాలి, తుప్పు మీద కొట్టిన జింక్ దండగ. దానిమీద ఛాసిస్ బ్లాక్, బండి అడుగుకి కొట్టే నల్ల పెయింట్, రెండు కోట్లు, బ్రాకెట్ దగ్గర మూడు. హోస్ ఎక్కే చోట మందంగా వెయ్యొద్దు, లోపల ఒక్క చుక్క కూడా పడకూడదు. బ్రాకెట్‌కీ బాడీకీ మధ్య చిన్న రబ్బరు ముక్క పెట్టండి. తారులాంటి అండర్ కోటింగ్ తుప్పు మీద దట్టంగా కొట్టించుకుంటారు, నాకది నచ్చదు, ఒక మూల పగిలిందంటే నీళ్లు లోపల చేరి కనబడకుండా తింటాయి. గ్రీజు పూస్తారు కొందరు, గొట్టం వరకు సరే, రబ్బరుకి తగలనివ్వొద్దు.

ఇంకా, మూత ఉండే గిన్నెలాంటి చోట అడుగున చిన్న బెజ్జం ఉంటుంది, వాన నీళ్లు కిందకి పోవడానికి. నూటికి ఒక్కరు చూస్తారో లేదో. అది పూడిపోతే నీళ్లు మూతి చుట్టూ నిలబడతాయి. సన్న ప్లాస్టిక్ తీగతో పొడవండి, గ్లాసుడు నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి, మూత మాత్రం గట్టిగా పెట్టి.

వానాకాలానికి ముందొకసారి, దీపావళి తర్వాత ఒకసారి గార్డ్ విప్పి మంచినీళ్లతో కడగండి. బీచ్ వైపు వెళ్లొచ్చిన రోజు మామూలు ట్యూబుతో చక్రం గూడులోకి రెండు నిమిషాలు నీళ్లు కొట్టండి. చాలామంది బండి పైన షాంపూ పెట్టి మెరిపిస్తారు, ఉప్పు కిందుంటుంది.

బిగించాక ముందు ఐదు లీటర్లే పోసి అన్ని అతుకులూ తెల్ల కాగితంతో తుడిచి చూడండి, తర్వాత ఫుల్ కొట్టించి, గార్డ్ వెయ్యకుండానే కొంచెం దూరం తిప్పి, రెండు వైపులా మలుపులు తిప్పి, మళ్లీ కాగితం పెట్టి చూడండి. సగం ట్యాంకుతో చూసి బాగుందనుకుంటే చూడనట్టే. నా బండికి 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ ఐదేళ్లకి పొడిగించారు, ఆ ఐదేళ్లూ మా మనవలు వెనక సీట్లో కూర్చునే తిరిగారు. ఆ సీటుకీ ఈ గొట్టానికీ మధ్య ఉన్నది ఒక రేకు, అంతే.

(ఒక కుర్రాడు: మాకు ఒకసారి విప్పి చూపిస్తారా మాస్టారూ?)

చూపించడానికే స్టాండ్లు తెచ్చానమ్మా. బయట గేటు పక్కన తెల్ల బండి ఉంది, వాళ్ల ట్యాంక్ పావు కూడా లేదన్నారు, రోజూ జాలారిపేట నుంచి బీచ్ రోడ్డు మీదే తిరుగుతుందట. సిగరెట్లు, అగ్గిపెట్టెలు ఇక్కడే టేబుల్ మీద పెట్టేసి రండి. బాబూ, నువ్వు ముందు చక్రాలకి ఆ రెండు రాళ్లు పెట్టు, నేను పానా తెస్తాను.